చనిపోయి తిరిగొచ్చిన సరంగు

పాలకొల్లులో పెరిగిన పదిహేడేళ్ళలో నేను చూసిన సినిమాలు చేతి వేళ్ళకు సరిపోతాయి. విన్నవాటికి మాత్రం లెక్క లేదు. మా ఇంటి వెనక గోడకీ సినిమా హాలు గోడకీ మధ్య జానెడు సందు. హాల్లో తెర ఉన్న వైపే మా వైపు, ఆ తెర వెనకే స్పీకర్లు. హాలుది రేకుల కప్పు, కప్పుకీ గోడకీ మధ్య బోలెడు ఖాళీ. ఇటు మా సరుకు గదికి పైన, నిచ్చెన వేస్తే గానీ అందనంత ఎత్తులో, తలుపు లేని చిన్న గవాక్షం. ఇంకేం కావాలి? అవతల హీరో నవ్వినా, విలన్ తన్నులు తిన్నా ఇవతల మా బెల్లం దిమ్మలన్నీ వినాల్సిందే.

నాన్నా బాబాయీ కలిసి బెల్లం, చింతపండు టోకు వ్యాపారం చేసేవారు. కొట్టు బజార్లో ఉండేది. కొట్టులో పట్టని సరుకంతా ఇంటికొచ్చి ఆ గదిలో పడేది. అందుకే నాకు ఇప్పటికీ ఎక్కడైనా పది వయొలిన్లు ఒక్కసారిగా లేస్తే ముక్కుకి చింతపండు వాసన తగులుతుంది. ఈ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వనీండి, నాకేం నష్టం లేదు.

ఇంటికి పెద్ద మా నాయనమ్మ. సినిమాల విషయంలో ఆవిడది ఒకటే మాట. దేవుడి సినిమా అయితే తనే దగ్గరుండి తీసుకెళ్ళేది. బెంచీ క్లాసులో ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టి, తెర మీద దేవుడు కనబడినప్పుడల్లా మాచేత దణ్ణం పెట్టించేది. తక్కినవి మనింటి ఆడపిల్లలకి అక్కర్లేదు. ఫైటింగులూ ఓడలూ తుపాకులూ ఉన్నవి అసలే అక్కర్లేదు. దీని మీద అప్పీలు లేదు. నాన్న కూడా ఆవిడ ముందు కిమ్మనేవాడు కాదు.

పొద్దున్న వంటింటి పని తెమిలాక నాయనమ్మ సరుకు గదిలో పీట వేసుకుని చింతపండు పిక్కలు తీసేది. పక్కన నేనూ కూర్చునేదాన్ని. సరిగ్గా ఆ వేళకే హాల్లో పొద్దుటి ఆట మొదలయ్యేది. రోజూ ఆవిడ "దిక్కుమాలిన రొద" అని ఒకసారి తిట్టి పనిలో పడేది. ఒకసారి నాన్న ఆ తిట్లు విని, మేస్త్రీని పిలిచి గవాక్షాన్ని ఇటుకలతో మూయించేస్తానన్నాడు. ఆవిడ ససేమిరా వద్దంది. అది మూసేస్తే గదిలో గాలాడదనీ, సరుకు ముక్కిపోతుందనీ చెప్పింది. నా గుండె అప్పటికి నెమ్మదించింది. సరుకు మీద ఆవిడకున్న శ్రద్ధ పుణ్యమా అని నా సినిమాలు నాకు మిగిలాయి అనుకున్నాను.

నేను చెప్పబోయేది డెబ్బైల చివరి మాట. మా హాలువాళ్ళు పొద్దుటి ఆటకి ఇంగ్లీషు సినిమాలు తెచ్చి వేసేవారు. వాటికి జనం పలచగానే వచ్చేవారు గానీ వచ్చినవాళ్ళు ప్రాణం పెట్టి చూసేవారు. అందులో ఒక వరస సినిమాలుండేవి. ఓడ కెప్టెన్ ఒకడు, వాడి వెంట చుక్కాని పట్టే, గడ్డం నెరిసిన ముసలి సరంగు ఒకడు. ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న నిధులు వెతుక్కుంటూ దేశాలు తిరగడమే వాళ్ళ పని. సినిమాల అసలు పేర్లకి మా ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు. అందుకని మొదటిదాన్ని గుహ సినిమా అన్నారు, రెండోదాన్ని దీవి సినిమా అన్నారు. మూడోది వచ్చాక అది వంతెన సినిమా అయింది.

ఈ సినిమాల మీద తీర్పు చెప్పే కోర్టు మా వీధి అరుగు మీద నడిచేది. సాయంత్రం కొట్టు నాన్నకి వదిలేసి బాబాయి వచ్చేవాడు. ఆయనకి పెళ్ళి కాలేదు, సినిమా పిచ్చి ముదిరిపోయింది. రెండో ఆయన నరసాపురం అవతల సముద్రం మీద వేట చేసుకునే కుటుంబంలో పుట్టి, మా ఊరొచ్చి చేపల వ్యాపారం పెట్టుకున్నాయన. మూడో ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టారు. ముగ్గురూ కూర్చుని ఏ సినిమా ఫస్టు, ఏది సెకండు అని తేల్చి, బాబాయి సుద్దముక్కతో అరుగు పక్క గోడ మీద రాసేవాడు. తెల్లారగానే అమ్మ తడిగుడ్డతో తుడిచేసేది. సాయంత్రానికి మళ్ళీ వాదన, మళ్ళీ సుద్దముక్క.

చేపలాయన దీవి సినిమాకి ఎప్పుడూ మార్కులు తగ్గించేవాడు. గాలి ఎదురుగా కొడుతుంటే ఎవడైనా తెరచాప విప్పుతాడాండీ, ఆ కెప్టెన్‌ని మా పడవలో ఒక్క పూట కూడా ఉంచుకోం అనేవాడు. మాస్టారికి కథ ముఖ్యం. ఆయనొక్కడికే ఇంగ్లీషు వచ్చు కాబట్టి కథ ఏమిటన్నది ఆయన చెబితేనే మిగతా ఇద్దరికీ తెలిసేది. బాబాయి మాత్రం రీరికార్డింగ్ మనిషి. రీరికార్డింగ్ అంటే పాటలు కాదు, మాటల వెనకా పరుగుల వెనకా వచ్చే వాయిద్యాలు. గుహ సినిమాలో రాతి తలుపు తెరుచుకునేటప్పుడు వచ్చే డప్పుల్ని ఆయన అరుగు స్తంభం మీద వాయించి చూపించేవాడు. ఆ డప్పుల కోసమే గుహ సినిమాకి ఫస్టు ఇవ్వాలని కొట్లాడేవాడు.

నేను గుమ్మం లోపల కూర్చుని ఇదంతా వింటూ పళ్ళు కొరుక్కునేదాన్ని. నాకు ముక్కు మీద కోపం, అప్పుడూ ఇప్పుడూ. వీళ్ళు బొమ్మ చూస్తూ వాయిద్యం సగమే వింటారని నాకు తెలుసు. నాకు బొమ్మ లేదు. మాటలు ఇంగ్లీషులో వచ్చేవి, అవీ రేకుల మధ్య నలిగి వచ్చేవి. నాకు దక్కింది ఆ వాయిద్యాలొక్కటే. అందుకని వాటిని ముక్కలు ముక్కలుగా కంఠతా పట్టాను. కెప్టెన్ వస్తుంటే బాకాలు. సరంగు వస్తుంటే మౌతార్గన్ మీద నాలుగు ముక్కల చిన్న ట్యూను. గుహ సినిమాలో అది ఒంటరిగా వచ్చేది. దీవి సినిమాలో దాని కింద ఒక డోలు చేరింది. సరంగు మొహం ఎలా ఉంటుందో ఎరగను గానీ ఆ ట్యూను వినబడితే మా ఇంటికి చుట్టం వచ్చినట్టుండేది.

నాకు ఆ రోజుల్లో ఒక్కటే కోరిక. ఒక్క సినిమా, ఆ సరంగు ఉన్న సినిమా, గోడకి అవతల కూర్చుని చూడాలి. చూసొచ్చి ఆ అరుగు మీద నా మాట నేను చెప్పాలి. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మూడోది వేసవి సెలవుల్లో ఒక శుక్రవారం వచ్చింది. వారం రోజులే ఆడుతుందన్నారు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను కాబట్టి నాయనమ్మ కంటే ముందే సరుకు గదిలో పీట వేశాను. ఇంటర్వెల్ దాకా బాగానే నడిచింది. ఆ తరవాత కొంతసేపటికి సరంగు ట్యూను వచ్చింది. మౌతార్గన్ మీద కాదు, ఒకే ఒక్క వయొలిన్ మీద, చాలా నెమ్మదిగా. నాలుగు ముక్కలూ అయ్యాక ఐదో ముక్క ఒకటి వచ్చింది. అది నేనెప్పుడూ వినలేదు. ఆ ముక్క సగంలో తెగిపోయి, హాలంతా నిశ్శబ్దమైపోయింది. సరంగు చనిపోయాడని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతిలో చింతపండు చేతిలోనే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నాయనమ్మ చూస్తుందేమోనని మొహం తిప్పుకున్నాను. ఆవిడ కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, పాత చింతపండు, ఘాటెక్కువ అంది.

పది నిమిషాలు గడిచాయో లేదో, మౌతార్గన్ మళ్ళీ మొదలైంది. కింద డోలు, పక్కన ఎవరివో చప్పట్లు. నాలుగు ముక్కలూ, ఆ వెనకే ఐదో ముక్క, హుషారుగా, నవ్వుతున్నట్టు. నేను తెల్లబోయాను. అప్పుడే పోయిన మనిషి ఇంత సంబరంగా ఎలా వాయిస్తాడో నాకు అర్థం కాలేదు.

శనివారం కూడా అదే వరస విన్నాను. ఆ సాయంత్రం అరుగు మీద కోర్టు కూర్చుంది. ముగ్గురూ వంతెన సినిమా మీద మండిపడుతున్నారు. అంత చక్కటి సరంగుని తాళ్ళ వంతెన మీంచి పడేసి చంపారనీ, మరి కాసేపటికే అదే సరంగు ఏటి ఒడ్డున చేపలు కాలుస్తూ నవ్వుతున్నాడనీ, ఆ తరవాత వాడికి సమాధి కట్టారనీ చెప్పుకుంటున్నారు. ఇదేం కథ అని చేపలాయన విసుక్కున్నాడు. అప్పుడు మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"కవలలండీ. పోయినవాడు అన్న. చేపలు కాల్చినవాడు తమ్ముడు. డైలాగులో స్పష్టంగా చెప్పాడు, మీరు పట్టించుకోలేదు."

బాబాయి వెంటనే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? మన సినిమాల్లో ఒకే హీరో అన్నగా చనిపోయి తమ్ముడుగా వచ్చి పగ తీర్చుకోవడం వారం వారం చూస్తున్నవాళ్ళమే కదా. ఇంగ్లీషువాళ్ళు కూడా డబుల్ యాక్షన్ మొదలెట్టారనుకున్నారు. కాకపోతే తమ్ముడు ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో ముందుగా చెప్పకపోవడం పెద్ద తప్పన్నారు. ఆ ఒక్క తప్పుకే వంతెన సినిమాని అడుగున పడేసి, బాబాయి గోడ మీద రాయబోయాడు.

నా నోరు ఊరుకోలేదు. లేచి గుమ్మం దాటి అరుగు మీదికొచ్చాను.

"తమ్ముడు లేడు బాబాయ్. హాల్లో రీళ్ళు ముందు వెనకలైపోయాయి."

ముగ్గురూ నా వైపు చూశారు. బాబాయి ముందు తేరుకుని, సినిమా చూసినదానిలా చెబుతున్నావేంటే అని నవ్వాడు. చూడలేదు, విన్నాను అన్నాను. ఐదో ముక్క సంగతి చెప్పాను. చేపలు కాల్చేటప్పుడు మౌతార్గన్ మీద ఆ ముక్క కొత్తగా పుట్టిందనీ, చనిపోయేటప్పుడు వయొలిన్ దాన్నే తలుచుకుని ఏడ్చిందనీ చెప్పాను. ఇంకా పుట్టనే పుట్టని ముక్కని తలుచుకుని ఎవరైనా ఎలా ఏడుస్తారని అడిగాను. అంటే చేపలు కాల్చడం ముందు, వంతెన తరవాత. మనిషి ఒక్కడే, ఒక్కసారే పోయాడు.

మాస్టారి మొహం చిన్నబోయింది. "నీకు ఇంగ్లీషు అర్థమయిందా అమ్మా?" అని అడిగారు. ఆయన గట్టిగా కూడా అడగలేదు. లేదండీ, ట్యూను అర్థమయింది అన్నాను. చేపలాయన కిసుక్కుమన్నాడు. అది నన్ను చూసి నవ్వాడో మాస్టారిని చూసి నవ్వాడో తెలీదు గానీ నాకు ఒళ్ళు మండింది. నిజం కాకపోతే నన్నేమైనా అనండి అన్నాను.

బాబాయి నా మాట పట్టుకున్నాడు. నేనన్నది నిజమని తేలితే నాయనమ్మని ఒప్పించి నన్ను ఆ సినిమాకి తీసుకెళ్ళే పూచీ తనది. కాదని తేలితే ఇక అరుగు మాటల్లోకి నేను రాకూడదు. గుమ్మం లోపల కూర్చుని వినడం కూడా ఉండదు. నేను సరేనన్నాను.

హాల్లో మిషను నడిపే ఆపరేటర్‌ గారు పెద్దాయన, పాతికేళ్ళుగా ఆ క్యాబిన్‌లోనే ఉన్నారు. మర్నాడు ఆట వదిలాక బాబాయి వెళ్ళి ఆయన్ని అడిగొచ్చాడు. రీళ్ళన్నీ డబ్బాల్లో వస్తాయట. ఏ రీలు ఎన్నోదో డబ్బా మూత మీద అంకె ఉంటుందట. ఆ అంకెల వరస ప్రకారమే వేశానని ఆపరేటర్‌ గారు చెప్పారట. ఆయన చేతిలో పొరపాటు జరిగిందని పాతికేళ్ళలో ఎవరూ అనలేదట. ఓడిపోయావే అన్నాడు బాబాయి. వెక్కిరించలేదు, అది ఇంకా బాధ.

నాకు తల తీసేసినట్టయింది. ఆ తరవాత మూడు రోజులూ నేను సరుకు గది వైపు వెళ్ళలేదు. ఆయన మూత చూసే వేశారంటే నేను విన్నది తప్పేనేమో. బొమ్మ చూడని మనిషి బొమ్మ చూసినవాళ్ళతో వాదన పెట్టుకోవడమే తప్పేమో. ఇన్నాళ్ళూ గోడ ఇవతల కూర్చుని నాకేదో తెలుసనుకున్నదంతా భ్రమేనేమో. ఇదే తిరిగేది బుర్రలో. నాయనమ్మ ఒక రోజు వంటింట్లోకి తొంగి చూసి, ఏమే పిల్లా, పిక్కలు నేనొక్కదాన్నే తీసుకోవాలా అంది. తలనొప్పిగా ఉందని చెప్పాను. ఆవిడ పీట తీసుకుని సరుకు గదిలోకి వెళ్ళిపోయింది.

బుధవారం సాయంత్రం ఆపరేటర్‌ గారు మా ఇంటికొచ్చారు. అరుగు మీద ముగ్గురూ ఉన్నారు. నాయనమ్మ గుమ్మం పక్కన వత్తులు చేసుకుంటోంది. ఆయన చెప్పులు వీధిలోనే వదిలి, నాయనమ్మకి నమస్కారం పెట్టి, రీళ్ళ మాటన్న అమ్మాయిగారు ఎవరండీ అని అడిగారు. నేను లోపలే ఉన్నాను. తగువుకొచ్చారనుకున్నాను. నాయనమ్మ పిలిస్తే వెళ్ళి ఆవిడ వెనక నిలబడ్డాను.

ఆయన అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పుకొచ్చారు. బాబాయి అడిగినప్పుడు కోపం వచ్చిందట. కానీ ఆ మాట మనసులోంచి పోలేదట. తనకీ ఇంగ్లీషు రాదు, తనూ కవలలే అనుకున్నారట. ఇవాళ ఆట అయిపోయాక ఆ రెండు రీళ్ళూ బల్ల మీద విప్పి, భూతద్దం పెట్టి బొమ్మ బొమ్మా చూశారట. చేపలు కాల్చే రీలు చివర్లో కెప్టెన్ చేతికి దెబ్బ తగిలితే సరంగు తన తలగుడ్డ చింపి కట్టు కట్టాడు. వంతెన రీలు మొదట్లోనే కెప్టెన్ చేతికి ఆ కట్టుంది. ఆరు రోజులుగా హాలంతా ఆ కట్టు చూసింది, అదెక్కడిదని ఒక్కరూ అడగలేదు. రీళ్ళ పెట్టె మా ఊరికి రాకముందు మూడు ఊళ్ళు తిరిగొచ్చింది. ఏ ఊళ్ళోనో రెండు డబ్బాల మూతలు మారిపోయాయి. ఆ మూడు ఊళ్ళలోనూ కవలలనే అనుకుని ఉంటారు.

"పాతికేళ్ళబట్టి వేస్తున్నానండి. అమ్మాయిగారు చూడకుండా చెప్పారు. అది చెప్పిపోదామనే వచ్చాను."

మేనేజరుకి తెలిస్తే ఉద్యోగానికి ముప్పు కదా అని చేపలాయన అన్నాడు. మేనేజరు గారికి నేనే చెప్పేశానండీ, నాలుగు తిట్టారు, పడ్డాను అన్నారాయన. అంత తేలిగ్గా అన్నారు. మర్నాటితో ఆ సినిమా వెళ్ళిపోతుంది, పెట్టె ఇంకో ఊరు పోతుంది, ఆయన నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నన్ను చూసి నవ్విన మనుషుల ముందే నిలబడి, నా మాటే నిజమని చెప్పడానికి ఆయన నడిచొచ్చారు. ఈ జన్మలో నాకు చాలామంది చాలా ఇచ్చారు గానీ, ఆ సాయంత్రం ఆయన ఇచ్చినదాని ముందు అవి తక్కువే.

ఆ తరవాత ఆయన నాయనమ్మ వైపు తిరిగారు. "అమ్మగారూ, రేపు చివరి ఆటండి. సరిచేసి వేస్తాను. అమ్మాయిగారిని ఒక్కసారి పంపించండి. సరిగ్గా వేశానో లేదో చెప్పడానికి ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరండి."

బాబాయి నోరు తెరిచాడు. పూచీ గుర్తొచ్చినట్టుంది. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.  చేతిలో ఉన్న వత్తి పూర్తయ్యాక, ఎన్నింటికయ్యా ఆట అని అడిగింది. పదిన్నరకండీ అన్నారాయన. "పదిన్నరంటే ముందు న్యూసురీలూ అవీ వేస్తారుగా. పదకొండుకి గానీ అసలుది మొదలవదు. పిల్లతో నేనూ వస్తాను" అంది. ఆ మాటలో వింతేమీ మాకెవరికీ తోచలేదు. ఒప్పుకుందన్న సంతోషంలో నాకైతే చెవులు పనిచేయలేదు.

గురువారం పొద్దున్న మేం బెంచీ క్లాసులో ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. ఆ వైపు మేమిద్దరమే. మా ముగ్గురు జడ్జీలూ మగవాళ్ళ వైపు ఉన్నారు. ముందు నాకు నిరాశే కలిగిందని ఒప్పుకోవాలి. నేననుకున్న సరంగు భీముడిలాంటి మనిషి. తెర మీదికొచ్చినవాడు మా వీధిలో కుండలు అమ్ముకునే ముసలాయనలా బక్కగా ఉన్నాడు. కెప్టెన్ అయితే మరీ అన్యాయం, మొహమంతా బుగ్గలే. కానీ మౌతార్గన్ మొదలవగానే అదంతా మరిచిపోయాను. ఇన్నాళ్ళూ గోడవతల తిరిగిన చుట్టం ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

ఇంటర్వెల్ తరవాత ఏటి ఒడ్డు వచ్చింది. సరంగు చేపలు కాలుస్తూ కెప్టెన్‌కి ట్యూను నేర్పుతున్నాడు. కెప్టెన్‌కి నాలుగు ముక్కలూ వచ్చాక, సరంగు నవ్వి, అప్పటికప్పుడు ఐదో ముక్క కల్పించి వాయించాడు. అది ఇలా పుట్టిందా అనుకున్నాను. ఆ తరవాత దెబ్బ తగలడం, తలగుడ్డ చిరగడం, కట్టు. మగవాళ్ళ వైపు నుంచి చేపలాయన గొంతు, అదిగోనండీ కట్టు అని వినిపించింది. ఆ వెనకే వంతెన వచ్చింది.

సరంగు ఇంకా వంతెన ఎక్కలేదు. ఒడ్డున నిలబడి తాడు సరిచూసుకుంటున్నాడు, నవ్వుతున్నాడు కూడా. వయొలిన్ ఎక్కడో దూరంగా మొదలైంది. నేను నాయనమ్మ వైపు చూశాను, ఆవిడకి కథ చెబుదామని. ఆవిడ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"పోతాడే," అంది, నా చెయ్యి పట్టుకుని. "ఈ ఏడుపు ట్యూనులోనే పోతాడు."

 హాల్లో చింతపండు లేదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఇద్దరం సరంగు కోసం ఏడ్చాం. ఐదో ముక్క సగంలో తెగింది. హాల్లో ఉన్న కాస్త జనమూ గప్‌చుప్ అయిపోయారు. ఆ నిశ్శబ్దంలో పైనుంచి మిషను తిరిగే చప్పుడొక్కటే వినబడింది.

ఆట వదిలాక అందరం కలిసే ఇంటికి నడిచాం. నేను క్యాబిన్ మెట్ల దగ్గర ఆగి, సరిగ్గా వేశారండీ అని చెప్పాను. ఆపరేటర్‌ గారు తలూపి లోపలికెళ్ళిపోయారు. దారిలో మాస్టారు నా పక్కకొచ్చి మెల్లగా, ఆ దొరల యాస నాకు సగం కూడా అర్థం కాదమ్మా, ఒప్పుకోవడానికి సిగ్గేసి కవలలన్నాను అన్నారు. అంతకు ముందు ఆయన మీద ఎంత కోపమున్నా ఆ మాటతో పోయింది. పిల్లలకి ఇంగ్లీషు చెప్పే మనిషి ఒక ఆడపిల్ల దగ్గర ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

అరుగు చేరేసరికి తీర్పు మార్చాలని ముగ్గురూ ఒప్పేసుకున్నారు. వంతెన సినిమా అడుగు నుంచి పైకి రావాలి. ఎంత పైకన్నదే పేచీ. బాబాయి ఎంతైనా గుహ సినిమాని ఫస్టు నుంచి దింపనన్నాడు. ఆ డప్పులు ఇంకెక్కడా లేవన్నాడు. సుద్దముక్క నా చేతికిచ్చి, నువ్వు చెప్పవే, ఇవాళ్టి నుంచి నీకూ ఒక ఓటుంది అన్నాడు. నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. సుద్దముక్క పట్టుకుని గోడ వైపు తిరిగాను.

నాయనమ్మ గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. చెంబు కింద పెట్టి, మా ఎవరి వైపూ చూడకుండా అంది.

"దీవిది మొదట రాయండి. ఇవాళ్టిది దాని వెనక. గుహది ఆఖర్న. డప్పులు తప్ప దాన్లో ఏముంది?"

 బాబాయి, అమ్మా, దీవి సినిమా నువ్వెప్పుడు చూశావే అని అడిగాడు. చూడ్డం ఎందుకురా అని ఆవిడ లోపలికెళ్ళి అన్నాలకి రమ్మని కేకేసింది. నేను ఆవిడ చెప్పిన వరసలోనే గోడ మీద రాశాను. నా ఓటు కూడా సరిగ్గా అదే. ఆ రాతని మర్నాడు అమ్మ తుడవలేదు.

కొన్నేళ్ళకి, నాయనమ్మ పోయాక, సరుకు గదికి సున్నం వేయిద్దామని నాన్న అంటే సాలెగూళ్ళు దులపడానికి నేను నిచ్చెనెక్కాను. గవాక్షం దాకా ఎక్కడం అదే మొదలు. బయటికి చూస్తే జానెడు దూరంలో హాలు గోడ, అటూ ఇటూ మా ప్రహరీ, కింద చెత్త. చెయ్యి పెట్టి చూశాను. గవాక్షానికి అడ్డంగా పెద్ద సాలెగూడు, ఎన్నేళ్ళదో, ఒక్క పోగు కూడా కదలడం లేదు. అటునుంచి మా గదిలోకి గాలి ఏనాడూ వచ్చి ఉండదు. నాయనమ్మకి ఆ నిచ్చెన మీదనే దణ్ణం పెట్టుకుని, గూడు దులపకుండా దిగి వచ్చేశాను.